శబరికి ఇటూ అటూ మిస్డ్ కాల్

మా ఇంట్లో ఎవరు ఏ ఊరు పోయొచ్చినా "ఏమేం చూసినవ్" అని అడగరు, "ఎంతకిచ్చిన్రు" అని అడుగుతారు. వైరాలో మాది స్టీలు సామాన్ల దుకాణం. చిన్నప్పుడు ఊయల కట్టే జాగా లేక నన్ను గల్లా పెట్టె పక్కన గంపలో పడుకోబెట్టేవాళ్లట. అందుకని ఏ ప్రయాణం తలుచుకున్నా నాకు ముందు ధరలు గుర్తొస్తాయి, ఆ తర్వాత కొండలు, అన్నిటికన్నా చివర దేవుడు. వరస మార్చి రాయాలనే కూర్చున్నాను. కుదరకపోతే సర్దుకుపోవాలి.

2008లో శివరాత్రి దాటినంక మా మేనత్త రుక్మిణమ్మను వెంటబెట్టుకొని భద్రాచలం మీదుగా శబరి నది దాకా పోయొచ్చాను. మనవాళ్లు చాలామంది రాములవారి దర్శనం చేసుకొని, పర్ణశాల చూసి వెనక్కి తిరుగుతారు. ఆ పైన అడవిలోకి పోయే రోడ్డు మీద ఏముందో చెప్పేవాళ్లు తక్కువ. నేను చెప్తాను. అక్కడ మూడు రాష్ట్రాల సెల్ టవర్లున్నాయి. చేతిలో ఫోన్ ఉన్నోళ్లకు అడవికన్నా అదే ఎక్కువ భయం.

అత్తకు పని పడింది శబరికి అవతలి గట్టున. మా పక్కనున్న బట్టల దుకాణం వాళ్ల ఆడపిల్ల సుగుణమ్మ, అత్త ఒక్క ఈడు వాళ్లు. సుగుణమ్మను ఒరిస్సా అంచున మోటు అనే ఊరికిచ్చారు. అక్కడ కిరాణా నడుపుకుంది, భర్త పోయినా నడుపుకుంది. ఇప్పుడు కొడుక్కి ఆ రాష్ట్రం ఆ చివర, సముద్రం దిక్కు పట్నంలో కొలువు దొరికింది. దుకాణం తీసేశారు. మంగళవారం సాయంత్రం సామానుతో పాటు ఆమె కూడా లారీ ఎక్కుతుంది. మా అత్త మోకాళ్లకు అంతదూరం రైలు ప్రయాణం చేతకాదు. మంగళవారం చూస్తే చూసినట్టు, లేకుంటే ఇంక లేనట్టే.

ఖమ్మం

బయలుదేరేముందు ఫోన్ సంగతి తేల్చుకోవాలని ఖమ్మం బస్టాండు ఎదురుగా తెలిసిన మొబైల్ షాపుకు పోయాను. పొరుగు రాష్ట్రమంటే ఫోనుకు పరదేశమే. ఆ రోజుల్లో రాష్ట్రం గీత దాటితే మనం చేస్తే డబ్బులు, మనకు ఎవరన్నా చేస్తే మళ్లీ మనకే డబ్బులు. ఇంటికొచ్చిన చుట్టం చేతనే అన్నం డబ్బులు వసూలు చేసినట్టుంటుంది. షాపతను మూడు దార్లు చెప్పాడు. మన సిమ్ముతోనే పోయి నిమిషానికింత అని కట్టుకోవడం ఒకటి. అవతల దిగి ఒరిస్సా సిమ్ము కొనుక్కోవడం రెండోది. దానికి ఫొటో కావాలి, గుర్తింపు కాగితం కావాలి, అది పనిచేయడానికి ఓ రోజన్నా పడుతుంది. ఇక మూడోది ఇంటర్నెట్ ప్యాక్. నా ఫోనుకు కెమెరా ఉంది కాబట్టి ఫొటోలు అక్కడినుంచే పంపొచ్చన్నాడు. ప్యాక్ లేకుండా నెట్ వాడితే పది కేబీకి పది పైసలు పడుతుందట. ఒక్క ఫొటో ఎన్ని కేబీలు తూగుతుందని అడిగాను. ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని ఒప్పుకున్నాడు.

తగ్గించమన్నాను. రీఛార్జ్ కార్డు మీద ధర అచ్చేసి ఉంటుందన్నాడు. అచ్చేసిన ధరలు తగ్గడం నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నానని చెప్పాను.

"అక్కా, నాతోటి ఆడితే ఆడు బేరం. టవర్ తోటి ఎట్లాడతవ్?" అన్నాడు.

చివరికి ఏ ప్యాకూ తీసుకోలేదు. చిన్న కార్డొకటి కొని, ఫోనుకు ప్లాస్టిక్ కవరు ఉత్తగనే తీసుకొని బయటపడ్డాను. నా లెక్క ఒకటే. గీత దాటినంక ఫోన్ ఎత్తొద్దు, చెయ్యొద్దు. రింగిచ్చి కట్ చేద్దాం. మిస్డ్ కాల్ కు ఏ రాష్ట్రంలోనూ రేటు లేదు.

ఆ షాపు ముందు నిలబడే అత్త సుగుణమ్మకు ఫోన్ చేసింది. మంగళవారం పొద్దున నది దగ్గరికి వస్తున్నామని చెప్పింది. నేను పడవెక్కి మీ గట్టుకొస్తా అంది అత్త. నీ మోకాళ్లకు పడవెందుకు, నేనే మీ గట్టుకొస్తా అంది ఆమె. నువ్వా నేనా అని వాదులాట నడుస్తుండగా, నేను తెరమీద సెకన్లు చూస్తూ అత్త మోచెయ్యి గిల్లాను. అప్పుడు సెకను లెక్క లేదు, నిమిషం దాటితే రెండో నిమిషం పూర్తిగా పడేది. నిమిషం నిండే లోపల కట్ చేయడం మా రెండిండ్లకూ ఉన్న ఆచారం. నేను గిల్లడమూ అటువైపు సుగుణమ్మ కట్ చేయడమూ ఒక్కసారే అయ్యాయి. ఎవరు ఏ గట్టుకు రావాలో మాత్రం తేలలేదు. అక్కడికి పోయినంక ఫోన్ల మాట్లాడుకోవచ్చు లెమ్మంది అత్త.

భద్రాచలం

బస్సు బూర్గంపాడు దాటి గోదావరి వంతెన ఎక్కగానే అందరూ కిటికీల్లోంచి చిల్లర విసిరారు. అత్త కూడా ఓ రూపాయి తీసింది, చూసింది, మళ్లీ కొంగున ముడేసుకొని అర్ధరూపాయి విసిరింది. దేవుడికి మనసు ముఖ్యమట.

సత్రం గది నూటయాభై అన్నారు. నూటికి తెచ్చాను. ఎట్లా తెచ్చానో ఫ్యాను స్విచ్చు వేసినప్పుడు తెలిసింది. మీదికి చూస్తే కొక్కెమే ఉంది, ఫ్యాను లేదు. పక్క గదిలో సత్తుపల్లి నుంచి వచ్చిన రైతు కుటుంబం దిగింది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆ ఇంటావిడ మాటా మర్యాదా అన్నీ "అండీ"లతోనే. నూటయాభై ఇచ్చి ఫ్యాను కింద కూర్చుంది. మా గది తలుపు తీసి ఉంచుకోమని, మా గాలి మీకూ వస్తుందండీ అని చెప్పింది. ఆ గాలికి మాత్రం డబ్బులడగలేదు.

దర్శనం బాగా అయింది. అత్త మొక్కింది ఏమిటో పైకే వినబడింది. మంగళవారం నాడు సుగుణను కండ్లతోటి చూడాలె, అంతే. ఆస్తులూ ఆరోగ్యాలూ అన్నీ వదిలేసి ఆ ఒక్కటే అడిగింది. పెద్ద బేరంలో ఒక్క వస్తువు మీదనే పట్టుబట్టాలని ఆమెకు బాగా తెలుసు. ప్రసాదం పొట్లం నలగకుండా మా దుకాణంలోని కొత్త స్టీలు డబ్బాలో పెట్టింది. డబ్బాతో సహా సుగుణమ్మకే అంది. మా నాయనకు చెప్పొద్దంది.

పర్ణశాల

పొద్దుట ఆటోలో పర్ణశాల పోయాం. ఇది సీతమ్మ చీరలారేసిన బండ, ఇది పసుపు కుంకుమల రాయి అని చూపించే ఆయన గంటకొట్టినట్టు చెప్పుకుపోతాడు. అత్త శ్రద్ధగా విని, ఆ చీరలు ఎంత పొడుగువో అడిగింది. బట్టల దుకాణం పక్కన పెరిగిన మనిషి. ఆయన కథ ఆగిపోయింది. అట్లాంటి ప్రశ్న పాఠంలో లేదు పాపం.

గోదావరి ముందు అత్తను నిలబెట్టి ఫొటో తీశాను. నవ్వమంటే నవ్వలేదు. ఫొటోలో పళ్లు కనబడితే దిష్టి అంది. ఆ ఫొటో సుగుణమ్మకు చూపించాలని ఆమెకు ఒకటే ఉబలాటం. మనిషే ఎదురుగా నిలబడినంక మనిషి ఫొటో ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే, ఎదురుంగ ఉన్నప్పుడు నా కొంగు సక్కగుంటదో లేదో అంది.

చింతూరు

మంగళవారం తెల్లారి చింతూరు బస్సు. భద్రాచలం దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు, ఇప్ప. ఇప్ప పూలు రాలే కాలం. కిటికీలోంచి పులిసిన బెల్లం లాంటి వాసన వస్తూనే ఉంది. చెట్ల కింద నేల ఊడ్చి పెట్టారు, రాలిన పువ్వుకు మట్టి అంటకుండా. బస్సును దారిలో ఆపి సంచులు తీయించారు పోలీసులు. మా సంచిలో స్టీలు డబ్బా చూసి ఒకాయన మూత తీయబోయాడు. రాములవారి ప్రసాదమని అత్త చెబితే చెప్పులు విడిచి కండ్లకద్దుకొని ఇచ్చేశాడు.

నష్టం జరిగింది ఆ తర్వాతనే. అత్త తన ఫొటో మళ్లీ చూసుకుంటానని ఫోన్ తీసుకుంది. ఆ కాలపు ఫోన్లకు నడుమ ఒక మీట ఉండేది. దాని మీద వేలు పడితే చాలు, భూగోళం బొమ్మ గిర్రున తిరిగి ఇంటర్నెట్టు తెరుచుకునేది. అది కంపెనీవాళ్లు కావాలనే అక్కడ పెట్టారని నా అనుమానం, గల్లా పక్కన చాక్లెట్ల సీసా పెట్టినట్టు. అత్త ఆ భూగోళం ఆగుతుందేమోనని మళ్లీ మళ్లీ అదే మీట నొక్కింది. నేను కునుకు తీసి లేచేసరికి భూమి ఎన్ని చుట్లు తిరిగిందో గానీ, బ్యాలెన్స్ చూస్తే ఒక్క నిమిషం మాటకు సరిపడా మిగిలింది.

చింతూరులో దిగగానే రీఛార్జ్ కోసం వెతికాను. ఒక్క దుకాణం దొరికింది. యాభై రూపాయల కార్డు యాభై మూడు అన్నాడు. భద్రాచలం నుంచి తేవడానికి బస్సు కిరాయి అవుతదన్నాడు. న్యాయమే. కానీ అచ్చేసిన ధర కన్నా ఎక్కువిచ్చి కొన్నానని తెలిస్తే వైరాలో తల ఎత్తుకోగలనా? మూడు రూపాయలు నా కంటికి మూడు కొండల్లా కనబడ్డాయి. ముందర ఇంకో దుకాణం ఉండకపోతుందా అని నడిచాను. లేదు.

ఆ రోజు అక్కడ సంత. చింతపండు కుప్పలు పోసుకొని కోయ ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. తూకం లేదు, కుప్పకింత. ఒకామె పది చూపించింది వేళ్లతో. నేను ఆరు చూపించాను. ఆమె నావైపు చూడలేదు, కోపగించలేదు, పక్కనున్నామెతో తమ భాషలో ఏదో మాట్లాడుకుంటూ కూర్చుంది. నేను లేచి పోతున్నట్టు నటించాను. వెనక్కి పిలవలేదు. మా ఊళ్లో అయితే ఆరడుగులు వేసేలోపల పిలుపు వస్తుంది. ఆమెకు అమ్మాలన్న తొందర లేదు. తొందర లేని మనిషి దగ్గర నా విద్యంతా దండగ. వెనక్కొచ్చి పది ఇచ్చాను. ఆమె నవ్వి, దోసెడు చింతపండు మీద వేసింది. అడగకుండా వచ్చిన కొసరు జీవితంలో అదే మొదటిది.

రేవు

చింతూరు నుంచి జీపులో రేవుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. శబరి నీళ్లు ఆకుపచ్చగా, గోదావరి కన్నా తేటగా ఉన్నాయి. ఎండల ముందు కాలం కాబట్టి నది సగానికి తగ్గి మధ్యలో ఇసుక తేలింది. అవతల కనబడుతున్నదే మోటు. నా కాళ్లింకా మన రాష్ట్రంలోనే ఉన్నాయి, ఫోన్ మాత్రం నాకన్నా ముందే నది దాటిపోయింది. ఒరిస్సాకు స్వాగతం అని మెసేజ్ వచ్చింది. రెండడుగులు పక్కకు జరిగితే ఛత్తీస్‌గఢ్‌కు స్వాగతం అని ఇంకొకటి.

అత్తను ఒక పడవ నీడన కూర్చోబెట్టి సుగుణమ్మకు రింగిచ్చాను. కట్ చేశాను. మేం వచ్చాం, మీరు ఫోన్ చెయ్యండి అని దాని భావం. కాసేపటికి నా ఫోన్ మోగింది. సుగుణమ్మ నంబరే. మీట మీద వేలు పెట్టేలోపల ఆగిపోయింది. ఆమె కూడా మిస్డ్ కాలే ఇచ్చింది. మీరే చెయ్యండి అని ఆమె భావం.

మళ్లీ నేనిచ్చాను. మళ్లీ ఆమె ఇచ్చింది. నది మీద అటూ ఇటూ ఎగిరే పిట్టల్లాగా మా రింగులు పోతున్నాయి వస్తున్నాయి, ఒక్కదాంట్లోనూ మాట లేదు. మాది వైరా, వాళ్లదీ వైరానే. ఒకే బజారులో పెరిగిన రెండు ఇండ్లు ఎదురెదురుగా నిలబడి, ముందు ఎవరు చెయ్యి పెడతారా అని జేబులు పట్టుకున్నాయి.

"ఆ ఒక్క నిమిషం వాడెయ్యి కోడలా. లారీ ఎల్లిపోతది," అంది అత్త. అంతకుముందు రెండుసార్లు నేనే వద్దన్నాను, ఆపదకు ఉండాలని. ఇంతకన్నా ఏ ఆపద కోసం దాచుతున్నానో నాకే తెలియలేదు. నిజంగానే చేశాను, కట్ చేయకుండా. మూడో రింగులో అటువైపు కట్ చేశారు. మళ్లీ చేశాను, మళ్లీ కట్ చేశారు. సుగుణమ్మే. పొరపాటున ఎత్తితే మాకెక్కడ డబ్బులు పడతాయోనని మా మేలు కోరి కట్ చేస్తున్నది. ఆ తర్వాత సిగ్నలే పోయింది.

అవతలి గట్టు మీద లారీ హారన్ వినబడింది. అత్త లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని పడవ దిక్కు నడిచింది. మోకాళ్లున్నాయన్న సంగతి మరిచిపోయినట్టుంది. "అది రాకుంటే నేను పోత. నడువ్," అంది.

పడవాయన మనిషికి పది అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే అత్త ఎక్కి కూర్చుంది. ఎక్కి కూర్చున్నంక బేరం ఏముంది.

ఇసుక తిన్నె

నడి నదికి పోయేసరికి ఎదురుగా ఇంకో పడవ వస్తున్నది. దాంట్లో ఎవరో ఆడమనిషి గొడుగు వేసుకొని కూర్చుంది, మొహం కనబడటం లేదు. మాట మాత్రం నీళ్ల మీదుగా బాగా వినబడుతున్నది. పోనూ రానూ కలిపి పది రూపాయలే ఇస్తా, ఖాళీగా తిరిగొచ్చే పడవకు కిరాయేంది అని ఆ పడవాయనతో తగవు పెట్టుకుంటున్నది. ఒరిస్సా నీళ్ల మీద అచ్చమైన వైరా బేరం.

అత్త పడవ అంచు పట్టుకొని ముందుకు వంగింది.

"ఏమే సుగుణా. ఇంక తగ్గలేదా నీ నోరు?"

గొడుగు పక్కకు వాలింది. ఆమె కాసేపు చూసింది. తర్వాత అన్న మాట ఇదీ. "నువ్వెందుకొస్తున్నవే? నేనే వస్తున్న గద. పడవ కిరాయి దండుగ."

పడవలవాళ్లు ఇద్దరూ ఒకరికొకరు ఎరికే. గెడలు ఆపి రెండు పడవల అంచులు పట్టుకున్నారు. మా గట్టుకు రా అంటే మా గట్టుకు రా అని మళ్లీ ఖమ్మంలో ఆగిన వాదులాట మొదలైంది. చివరికి పడవలవాళ్లే విసిగి మధ్యలో తేలిన ఇసుక మీద ఇద్దరినీ దింపారు. అది ఏ రాష్ట్రంలోకి వస్తుందో వాళ్లకూ తెలియదన్నారు.

ఇన్నేండ్ల తర్వాత కలిసినవాళ్లు ఏడుస్తారేమో, నేను కాస్త దూరం పోవాలేమో అనుకున్నాను. అత్త ముందు ఆమె చీర కొంగు పట్టుకొని వేళ్లతో నలిపి చూసింది. ఎంతకిచ్చిన్రంది. మూడొందలంది సుగుణమ్మ. ఆమె అత్త చీర నలిపి చూసింది. రెండొందలయాభై అంది అత్త. ఆ చీర ఆరొందలని బిల్లు కట్టిన నాకు తెలుసు. సుగుణమ్మది కూడా మూడొందలకు వచ్చేది కాదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మలేదు. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

ఇంట్లో సామానంతా మూటగట్టేసింది కాబట్టి సుగుణమ్మ మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి గిన్నెలో తెచ్చింది. అక్కడి అలవాటట. ఆవనూనె ఘాటుకు నా ముక్కు కారింది. మా దగ్గర ఆ నూనె నొప్పులకు రాసుకుంటారని అత్త చెబుతూనే మళ్లీ పిడికిలి నింపుకుంది. స్టీలు డబ్బా చేతికిస్తే సుగుణమ్మ తిరగేసి అడుగున వేలితో కొట్టి, రేకు ఎంత మందమో గేజు చూసి, మంచిదే అంది. తర్వాత ప్రసాదం కండ్లకద్దుకుంది. ఫొటో చూపిస్తే, నవ్వితే ఏం పోయిందే అంది.

సుగుణమ్మ ఇసుకలో కాళ్లు దూర్చుకొని లారీ దిక్కు చూస్తూ అంది.

"మోటుల అందరికి తెలుగొస్తది. బతికిన. ఆడ పట్నంల నాకు మాట రాదే రుక్కా. కూరగాయలాయన ఎంతంటే అంత ఇచ్చి, నోరు మూసుకొని రావాలె ఇంక."

ఆమెకు కొడుకు మంచివాడే, కోడలూ మంచిదే. భయం వాళ్ల గురించి కాదు. బేరం ఆడలేని చోట తానెవరో ఆమెకు తెలియదు. నాకది అర్థమైంది, బేరం కోసం ఫ్యాను లేని గదిలో పడుకున్నదాన్ని కదా.

అత్త చేత్తో ఇసుకను కుప్పగా చేసింది.

"ధర చెప్పంగనె నవ్వు," అంది.

"నవ్వుడా?"

"అవ్. ఏం మాట్లాడకు. ఇట్ల చూసి, చిన్నగ నవ్వు. నువ్వు చెప్పింది నాకు తెలుసులె అన్నట్టు. ఏ భాషోనికైన అర్థమైతది."

అక్కడే సాధన మొదలైంది. అత్త కూరగాయలాయన అయి ఇసుక కుప్ప ముందు కూర్చుంది, ధర చెప్పింది. సుగుణమ్మ నవ్వింది. గట్ల కాదు, అది చుట్టానికి నవ్వినట్టున్నది అంది అత్త. మళ్లీ నవ్వింది. ఇప్పుడు పిచ్చిదానిలెక్క ఉన్నది. మళ్లీ. పడవలవాళ్లు బీడీలు ఆపి చూస్తున్నారు. నాలుగోసారికి వచ్చిన నవ్వు చూస్తే నాకే ధర తగ్గించాలనిపించింది. ఆ తర్వాత ఇద్దరూ నిజంగానే నవ్వడం మొదలుపెట్టారు, ఒకరి మీద ఒకరు పడి, కండ్లల్లో నీళ్లు వచ్చేదాకా. ఆ నీళ్లు దేనివో నేను విచారించలేదు.

హారన్ మళ్లీ మోగింది, ఈసారి ఆగకుండా. సుగుణమ్మ లేచి ఇసుక దులుపుకొని, డబ్బా చంకన పెట్టుకొని పడవెక్కింది. మా రెండు పడవలూ రెండు దిక్కులకు పోయాయి. అత్త వెనక్కి తిరిగి కూర్చుంది, గొడుగు కనబడినంతసేపూ. గట్టున దిగాక పడవాయనకు నేను ఇరవై ఇచ్చాను. ఆగినందుకు ఇంకో పది అడిగాడు. ఇచ్చాను.

మళ్లీ వైరా

ఇంటికొచ్చాక అందరూ ఎంతకిచ్చిన్రని అడిగారు. చింతపండు ధర చెప్పాను, గది ధర చెప్పాను, ఫ్యాను సంగతి చెప్పలేదు. అత్త రోజూ నా ఫోన్ తన దిండు పక్కన పెట్టుకునేది. లారీ చేరిందో లేదో, ఇల్లెట్లున్నదో ఏ కబురూ లేదు. నేను ఫోన్ చేద్దామంటే, వద్దు, అదే చేస్తది అనేది.

ఒకరోజు పొద్దున పాలు పోయించుకుంటుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఒక్క రింగు కూడా పూర్తిగా మోగనివ్వకుండా అత్త ఎత్తేసింది. అటువైపు గొంతు గదంతా వినబడింది.

"ఎందుకెత్తినవే? నేను మిస్డ్ కాల్ ఇస్తున్న. పైసలు పోతున్నయ్, కట్ జెయ్యి."

"జెయ్య," అంది అత్త. "నువ్వే జేసుకో."

సుగుణమ్మ చెయ్యలేదు. తిట్టుకుంటూనే మాట్లాడింది. మొదటి నిమిషం దాటింది, రెండోది దాటింది. నేను అలవాటు కొద్దీ అత్త మోచెయ్యి గిల్లితే, చూడకుండానే నా చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ ఇల్లు నాలుగో అంతస్తట. నీళ్లు పైకే వస్తాయట. నిన్న ఒక్కతే మార్కెట్టుకు పోయిందట. వంకాయలు చూపించి ఎంతని సైగ చేస్తే ఆయన ఇరవై అన్నాడట. ఈమె ఏం మాట్లాడకుండా ఆయన మొహంలోకి చూసి, చిన్నగా నవ్విందట. అప్పుడాయన—

టుంగుమని శబ్దం వచ్చి లైను పోయింది. అటువైపు బ్యాలెన్స్ అయిపోయింది.

అత్త ఫోన్ నా చేతిలో పెట్టింది. కొంగు ముడి విప్పి, అందులో ఉన్నదంతా లెక్కపెట్టకుండా నా రెండో చేతిలో పోసింది.

"ఉరుకు. రీఛార్జ్ చేపించుకొని రా, జల్దీ. మాట మధ్యల ఉన్నది."